ట్రాక్టరు ట్రక్కులు – బ్రేకుల యావశ్యకత

కృష్ణా పశ్చిమ డెల్టాలో సార్వా పంట కోతకు వచ్చినది మొదలు తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములకు బోవు దారులన్నియు ధాన్యపు ట్రక్కులతో నిండిపోవుట యేటేట మనము చూచుచున్నదే. కల్లము నుండి మిల్లునకు, మిల్లు నుండి గిడ్డంగికి ధాన్యము తరలుచుండును. వరి గడచిన పిమ్మట మినుములు, మొక్కజొన్నలు, జొన్నలు కదలును. వీనికి తోడు ఎరువులు, ఇటుకలు, ఇసుక, చెరువుమన్ను ఏడాది పొడవునను సాగుచునే యుండును. ఈ బరువులన్నింటిని మోయునది ట్రాక్టరు వెనుక దగిలించిన బండి. ప్రభుత్వ పత్రములలో దీనికి ట్రైలరని పేరు. జనులు ట్రక్కనియు, తొట్టియనియు, ట్రాలీయనియు బిలుచుకొందురు. పేరేదైనను నేడు డెల్టా వ్యవసాయపు బరువు దీని యిరుసుల మీదనే నిలిచియున్నది. ఇంతటి బరువును కదలించు సాధనము మనకు లభించినది. దానిని కావలసిన చోట, కావలసిన క్షణమున నిలుపు సాధనము లభించినదా యను ప్రశ్నను నేడు మా పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ట్రాక్టరు కొనబోవు రైతు దాని అశ్వశక్తి యెంతయని యడుగును. గంటకు డీజిలెంత త్రాగునో విచారించును. దమ్ములో దిగబడకుండ నడచునో లేదో పొరుగువానిని గనుగొనును. ట్రక్కు కొనునప్పుడు ఎన్ని బస్తాలు పట్టుననియు, రేకు మందమెంతయనియు, టైర్లు క్రొత్తవా పాతవా యనియు బేరమాడును. నిండుబరువుతో పరుగెత్తుచున్న యీ ట్రక్కు దేనివలన నిలుచునను ప్రశ్న మాత్రము ఆ బేరములో నరుదుగా వినబడును. ట్రాక్టరునకు బ్రేకున్నది గదా, అదియే చాలునని సామాన్యముగ నందరును భావింతురు. ఈ భావన తప్పని మేము స్పష్టముగా చెప్పదలచితిమి. లాగగల బలము వేరు, ఆపగల బలము వేరు. మొదటిది యెంత యెక్కువైనను రెండవది దానివెంట దానంతటది రాదు.

ఎడ్లబండి కాలములో నీ చిక్కు ఇంతగా లేకుండెను. ఒక జత యెడ్లు టన్నునకు అటునిటుగా మాత్రమే లాగగలిగెడివి. అవి లాగలేని బరువును బండివాడు వేయడు. వేసినను బండి కదలదు. మనిషి నడకకంటె కొంచెము హెచ్చు వేగముతో బోవు ఆ బండిని, కాడి మెడమీద నున్న యెడ్లే కాళ్లు తన్నిపట్టి నిలుపగలిగెడివి. లాగువానికిని ఆపువానికిని బలమొక్కటే గనుక బరువునకు సహజమైన హద్దుండెను. ట్రాక్టరు వచ్చి యా హద్దును చెరిపివేసినది. నలుబదియైదు, ఏబది అశ్వశక్తుల యంత్రము చిన్న గేరులో తనకంటె నాలుగైదు రెట్లు బరువును అనాయాసముగా కదలించును. సమమైన తారు రోడ్డుమీద దానిని గంటకు ముప్పది కిలోమీటర్ల వేగమునకు తీసికొనిపోవును. కాని ఆపవలసి వచ్చినప్పుడు దాని చేతిలో నున్నది, సాధారణముగా, తన రెండు వెనుక చక్రముల పట్టు మాత్రమే.

ఈ మాటను లెక్కతో చూచుట మంచిది. మన ప్రాంతమున ధాన్యపు బస్తా 75 కిలోలు. నూరు బస్తాలెత్తిన నాలుగు చక్రముల ట్రక్కులో సరుకే ఏడున్నర టన్నులు. ఖాళీ ట్రక్కు టన్నున్నర యనుకొందము. ట్రాక్టరు రెండు టన్నులు. మొత్తము పదునొకండు టన్నులు. ట్రాక్టరు బరువులో వెనుక చక్రముల మీద బడునది రమారమి 1300 కిలోలు. పొడి తారు రోడ్డుమీద మంచి టైరునకు గూడ తనమీది బరువులో పదింట ఏడు వంతులకు మించిన పట్టుండదని యెంచినచో, బ్రేకు ఎంత గట్టిగా త్రొక్కినను ట్రాక్టరు పుట్టింపగల ఆపుబలము సుమారు 900 కిలోలే. అంతకు మించి త్రొక్కిన చక్రములు తిరుగుట మాని ఈడ్చుకొనిపోవును గాని బండి నిలువదు.

ట్రాక్టరొక్కటియే పోవుచున్నప్పుడు ఈ 900 కిలోల బలము రెండు టన్నులను ఆపవలెను. గంటకు ముప్పది కిలోమీటర్ల వేగముతో నున్నను, బ్రేకు పట్టిన తర్వాత ఎనిమిది మీటర్లలో నిలుచును. అదే ట్రాక్టరు, అదే బ్రేకు, అదే డ్రైవరు. వెనుక నిండు ట్రక్కు మాత్రము తగిలించితిమి. ఇప్పుడా 900 కిలోల బలమే పదునొకండు టన్నులను ఆపవలెను. నలుబది మీటర్లు దాటినగాని బండి నిలువదు. త్రొక్కవలెనని డ్రైవరునకు తోచి కాలు కదలునంతలో గడచు ఒక్క సెకండులో మరి యెనిమిది మీటర్లు పోవును. పొలమునుండి చక్రములకంటి వచ్చిన రేగడి బురద రోడ్డుమీద పరచుకొని, దానిపై మంచో జల్లో పడినచో టైరు పట్టు సగమగును. నిలుచు దూరము ఎనుబది మీటర్లు మించును. వేగము రెట్టింపైనచో దూరము రెట్టింపగుట కాదు, నాలుగింతలగు నను సంగతిని గూడ జ్ఞాపకముంచుకొనవలెను. అడ్డముగా వచ్చిన బిడ్డకుగాని, మలుపులో నెదురైన సైకిలువానికిగాని ఎనుబది మీటర్ల వ్యవధి యెక్కడ దొరకును?

ఇక ట్రక్కునకు సొంత బ్రేకులున్నచో నేమగునో చూతము. దాని నాలుగు చక్రములకును బ్రేకులుండి, అవి ట్రక్కు బరువులో పదింట మూడు వంతుల ఆపుబలము నిచ్చినను, అదే బండి అదే వేగమున పదునొకండు మీటర్లలో నిలుచును. రెండిరుసులలో నొక్క యిరుసునకే బ్రేకులున్నచో పదునేడు మీటర్లు కావలెను. నలుబది, పదునేడు, పదునొకండు: ఈ మూడంకెలే మా వాదమునకు సారము. ఇందులో పెద్ద శాస్త్రమేమియు లేదు. ట్రక్కు చక్రముల మీద తొమ్మిది టన్నుల బరువున్నది; ఆ బరువు వలననే ఆ టైర్లకు నేలమీద గట్టి పట్టున్నది; అంత పట్టును వృథాచేసి, బరువు తక్కువగానున్న ట్రాక్టరు చక్రముల మీదనే సర్వభారమును మోపుట వివేకము కాదు. బరువెక్కడనున్నదో బ్రేకును అక్కడనే యుండవలెను.

నిలుచు దూరమొక్కటే కాదు, మరియొక అపాయము గలదు. ముందున్న తేలిక బండిని మాత్రమే పట్టి నిలిపినప్పుడు వెనుకనున్న బరువైన బండి దానిని త్రోయును. దారి తిన్నగా నున్నంతవరకు ఈ త్రోపు ముందునకే పోవును. మలుపులోనో, కాలువకట్ట మీదనుండి దిగు వాలులోనో త్రోపు ప్రక్కకు తిరుగును; మడతకత్తి ముడుచుకొన్నట్లు ట్రాక్టరు అడ్డము తిరిగి, ట్రక్కు దానిమీదికెక్కును. ట్రాక్టరునకు కుడి చక్రమునకొకటి, ఎడమ చక్రమునకొకటి వేర్వేరు బ్రేకు పెడళ్లుండుట యెల్లరెరిగినదే. చేనిలో చాలు చివర తిప్పుటకది యుపయోగము. రోడ్డెక్కునప్పుడు రెంటిని కలుపు గొళ్లెమును వేయకున్నచో, కంగారులో నొక పెడలును మాత్రమే త్రొక్కిన డ్రైవరు తన బండిని తానే కాలువలోనికి త్రిప్పుకొనును. చేతివేలితో వేయదగిన గొళ్లెము వేయనందున ప్రాణములు పోవుట కంటె శోచనీయమేమున్నది?

మాది పల్లపు సీమ, కొండలు లేవు, గుట్టలు లేవు, మాకింత బ్రేకులేల యని కొందరనవచ్చును. డెల్టా సమతలమనుట నిజమే. కాని డెల్టా దారులు సమతలమైనవి కావు. కొమ్మమూరు కాలువ మొదలు చిన్న పిల్లకాలువ వరకు, నల్లమడ మొదలు పేరులేని మురుగుకాలువ వరకు, ప్రతి రెండు మూడు మైళ్లకొక వంతెన. ప్రతి వంతెనకు ఎక్కుడొకటి, దిగుడొకటి. చేనిగట్టు నుండి కట్టమీదికెక్కు దారి మరింత నిటారు. అట్టి యెక్కుడులో ఇంజను ఆగిపోయినదనుకొనుడు. వెనుక తొమ్మిది టన్నులు క్రిందికి లాగుచుండును. వాలులో తేలికైన ట్రాక్టరు ముందుచక్రములు నేలను విడువజూచును. వెనుక చక్రముల పట్టు చాలక బండి యంతయు వెనుకకు దొరలి నీటిలో పడును. కొండసీమలో నింత యిరుకు దారికి ఇరుప్రక్కల నిట్లు నీరుండదు. పల్లపు సీమయే మన బ్రేకులకు గట్టి పరీక్షయని మా యభిప్రాయము. పైగా 216వ సంఖ్య జాతీయ రహదారి రేపల్లె, బాపట్లల మీదుగా బోవుచున్నది. దానిమీద లారీలును బస్సులును కార్లును మిక్కిలి వేగముగ సాగుచుండ, నలుబది మీటర్లకు గాని నిలువని ట్రక్కు వానితో కలిసి నడచుచున్నది.

ట్రాక్టరు ట్రక్కుల ప్రమాదములు తెలుగు దేశమునకు క్రొత్తవి కావు. 2018 ఏప్రిలు 6వ తేదీన నల్లగొండ జిల్లా వద్దిపట్ల యొద్ద మిరపకోతకు బోవుచున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మండుగురు స్త్రీలు మరణించిరి. ఆ యేడే జూన్ 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ యొద్ద మూసీ కాలువలో మరియొక ట్రాక్టరు ట్రక్కు బోల్తాపడి పదునైదుగురు ప్రాణములు కోల్పోయిరి. వారిలో దాదాపందరును పొలము పనికి బోవుచున్న ఆడకూలీలే. 2020 మే నెలలో ప్రకాశము జిల్లా రాపర్ల యొద్ద కూలీల ట్రాక్టరు విద్యుత్ స్తంభమును ఢీకొనగా పలువురు మృతినొందిరి. 2023 జూన్ నెలలో తెనాలికి సమీపముననే, గుంటూరు జిల్లా వట్టిచెరుకూరు మండలమున, శుభకార్యమునకు బోవుచున్న వారి ట్రక్కు బోల్తాపడి పలువురు స్త్రీలు అసువులు బాసిరి. వీనికన్నింటికిని బ్రేకుల లోపమే కారణమని మేము చెప్పుట లేదు. డ్రైవరు అనుభవలేమి, దారి యిరుకు, మనుష్యులను ట్రక్కులలో నెక్కించు దురభ్యాసము మున్నగునవి గూడ గలవు. కాని యే కారణమున ప్రమాదమారంభమైనను, దానిని మధ్యలో నాపుటకు మిగిలిన తుది సాధనము బ్రేకే. ఆ తుది సాధనమును ముందుగనే తొలగించి బండిని రోడ్డుమీదికి పంపుట క్షంతవ్యము కాదు.

లాగుడు బండికి సొంత బ్రేకుండవలెనను పాఠమును లోకము రైలుబండి వద్ద నేర్చుకొన్నది. 1889 జూన్ 12వ తేదీన ఐర్లండులోని ఆర్మా పట్టణము నుండి పిల్లలతో విహారమునకు బయలుదేరిన రైలు మిట్ట యెక్కలేక నిలిచిపోయినది. సిబ్బంది వెనుక పెట్టెలను విడదీసి, ముందు భాగమును తీసికొనిపోజూచిరి. ఇంజనునుండి విడిపోగానే ఆ పెట్టెలకు ఇంజను బ్రేకుతో సంబంధము తెగిపోయినది. చివరి పెట్టెలోని చేతిబ్రేకు వానిని పట్టలేకపోయినది. పెట్టెలు వెనుకకు దొర్లి, వెనుక వచ్చుచున్న రైలును ఢీకొనగా ఎనుబదిమంది మరణించిరి. వారిలో బాలబాలికలును పెక్కుమంది యుండిరి. ఆ సంవత్సరముననే బ్రిటిషు పార్లమెంటు ప్రయాణికుల రైళ్లలో ప్రతి పెట్టెకును బ్రేకుండవలెననియు, పెట్టె విడిపోయినచో నది తనంతట తానే పట్టవలెననియు శాసించినది. అట్టి బ్రేకును అమెరికాలో వెస్టింగ్‌హౌసను నతడు అంతకు పదునేడేండ్లకు ముందే నిర్మించియుండెను. సాధనము చేతిలో నుండియు వాడక, పిల్లలు మరణించిన తర్వాత మేల్కొనుట అనాడు జరిగినది. నేడు తెనాలి నుండి రేపల్లెకు బోవు రైలులో కూర్చున్న ప్రయాణికుడు, తన పెట్టె క్రింద బ్రేకున్నదను ధైర్యముతో నున్నాడు. ఆ రైలు కట్ట ప్రక్కనే సాగు ధాన్యపు ట్రక్కునకు మాత్రము ఆర్మా నాటి స్థితియే గతియగుట తగునా?

ఐరోపా దేశములలో కారు వెనుక తగిలించు చిన్న ట్రైలరు విషయముననే ఎంత జాగ్రత్త తీసికొందురో గమనింపుడు. సరుకుతో గూడి 750 కిలోలకు మించు ట్రైలరునకు సొంత బ్రేకు తప్పనిసరి. 750 కిలోలనగా మన పది ధాన్యపు బస్తాల బరువు. పది బస్తాలకే వారు బ్రేకును కోరుచుండ, నూరు బస్తాలకు మనము కోరకుండుట యేమి న్యాయము? పొలము ట్రాక్టర్లకును వాని ట్రైలర్లకును గూడ 2016 నుండి అచట క్రొత్త నిబంధనలు వచ్చి, బ్రేకుల విషయమున ప్రత్యేకమైన ప్రమాణము లేర్పడినవి.

మన దేశమున శాసనము లేకపోలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ట్రాక్టరును తనమీద సరుకు మోయుటకు గాక నిర్మింపబడిన మోటారు వాహనముగను, ట్రైలరును దానివలన లాగబడు ప్రత్యేక వాహనముగను నిర్వచించినది. రిజిస్ట్రేషను నియమములు ట్రైలరునకును వర్తించునని 61వ సెక్షను చెప్పుచున్నది. బరువు హద్దును మీరినవారికి 2019 సవరణము ఇరువది వేల రూపాయల జుల్మానాను, మించిన ప్రతి టన్నునకు రెండువేలను విధించినది. ట్రాక్టర్లను బుద్నీలోను, మన అనంతపురము జిల్లా గార్లదిన్నెలోను గల కేంద్ర ప్రభుత్వ సంస్థలు పరీక్షించుచున్నవి. కాని వీధిచివరి షెడ్డులో అతికిన ట్రక్కును పరీక్షించువారెవరు? పాత లారీ యిరుసు, పాత టైర్లు, క్రొత్త రేకు, పైన రంగు. బ్రేకు డ్రమ్ములున్నను వానికి గొట్టములుండవు. గొట్టములున్నను ట్రాక్టరునకు తగిలించు ముడి యుండదు. శాసనము పుస్తకములోను, బ్రేకు ఇనుపకొట్టులోను నుండిపోవుచున్నవి.

ఇక నెట్టి బ్రేకును ఎన్నుకొనవలెనను ప్రశ్న. మొదట గుర్తుంచుకొనవలసినది, బ్రేకును ఖాళీ ట్రక్కు బరువును బట్టి కాక, ఎన్నడైనను ఎత్తబోవు నిండుబరువును బట్టి ఎన్నుకొనవలెను. ఎనుబది బస్తాలకని చేయించి నూట ఇరువది యెత్తు యజమాని, తన బ్రేకును తానే తగ్గించుకొన్నట్లు. రెండవది, రెండిరుసుల ట్రక్కునకు రెండిరుసులకును బ్రేకులుండుట మేలు. రెండు చక్రముల ట్రక్కులో కొంత బరువు ట్రాక్టరు కొక్కెము మీద పడి దాని వెనుక చక్రముల పట్టును కొంచెము పెంచును; కాని సరుకు ముందునకు మిక్కిలిగ చేరినచో ముందుచక్రములు తేలి స్టీరింగు తప్పును. కావున బస్తాలు పేర్చు వరుస గూడ బ్రేకులో భాగమే.

బ్రేకులలో నాలుగు విధములు మన రైతునకు దొరకునవి. లివరుతో బిగించు చేతిబ్రేకు నిలిచియున్న ట్రక్కును పట్టుటకే గాని నడచుచున్న దానిని ఆపుటకు కాదు. దీనిని చూపి మా ట్రక్కునకు బ్రేకున్నదనుట ఆత్మవంచన. రెండవది త్రోపుబ్రేకు. ట్రాక్టరు మందగించినప్పుడు వెనుకనుండి ట్రక్కు త్రోయు బలమే బ్రేకును బిగించును. దీనికి ట్రాక్టరులో మార్పేమియు నక్కరలేదు, చౌక, చిన్న ట్రక్కులకు చాలును. కాని యెక్కుడులో వెనుకకు దొర్లునప్పుడు ఇది సాయపడదు. మన కాలువకట్టలకు నిదియొక్కటే చాలదు. మూడవది నూనె బ్రేకు. ట్రాక్టరు హైడ్రాలిక్ ఒత్తిడి గొట్టము ద్వారా ట్రక్కు చక్రములకు పోయి, డ్రైవరు పెడలు త్రొక్కినంత పట్టును. పెద్ద ట్రక్కునకు తగినదే గాని, ఒకే గొట్టముతో నడచు నూనె బ్రేకు గొట్టము తెగినచో పూర్తిగా పోవును. అట్టి దానికి, ట్రక్కు విడిపోయినంతనే బిగియు గొలుసు బ్రేకును గూడ చేర్పవలెను. నాల్గవది గాలి బ్రేకు. లారీలకుండు నట్టిదే. రెండు గొట్టములతో నమర్చినచో, ట్రక్కు విడిపోయినను గొట్టము తెగినను గాలి తగ్గగానే బ్రేకు తనంతట తానే పట్టును. నూరు బస్తాలకు మించి యెత్తి రహదారుల మీద తిరుగు ట్రక్కులకు ఇదియే శ్రేష్ఠమని మా యభిప్రాయము. చేనునుండి కల్లమునకు మెల్లగా నడచు చిన్న తొట్టికి త్రోపుబ్రేకును, గట్టి చేతిబ్రేకును చాలవచ్చును. ఏ తరగతి ట్రక్కునకైనను కొక్కెపు పిన్ను జారకుండ తాళపు పిన్నును, పిన్ను విరిగినను విడిపోకుండ రక్షణ గొలుసును ఉండితీరవలెను.

బ్రేకు అమర్చినంతమాత్రమున పని ముగియలేదు. దానిని నిండుబరువుతో పరీక్షింపవలెను. జనసంచారము లేని తిన్నని దారిలో గంటకు ఇరువది కిలోమీటర్ల వేగమున పోవుచు, గుర్తుపెట్టిన గీత యొద్ద పెడలు త్రొక్కి, నిలిచినచోటికి అడుగులతో కొలిచిన చాలును. పది మీటర్లలో ట్రక్కు తిన్నగా నిలువవలెను. ప్రక్కకు లాగినచో నొక చక్రము పట్టుట లేదని తెలియవలెను. ఇట్టి బండి సొంత బ్రేకు లేక ట్రాక్టరు బ్రేకుతోనే నిలువవలసివచ్చినచో ఇరువది మీటర్లకు దరిదాపుగ పోవును. కనుక తేడా కంటికే తెలియును. దమ్ములోను నీటిలోను దిగివచ్చిన చక్రములకు డ్రమ్ములు తడిసి పట్టు తగ్గును. రోడ్డెక్కిన వెంటనే రెండు మూడు మారులు మెల్లగా త్రొక్కి ఆరబెట్టుకొనవలెను. రేపల్లె, నిజాంపట్నము ప్రాంతముల చేపల, రొయ్యల చెరువులకు తిరుగు ట్రక్కులకు ఉప్పునీరు శత్రువు. గొట్టములు, పిన్నులు, బ్రేకు తీగెలు ఒక్క యేడాదిలోనే తుప్పుతిని తెగుటకు సిద్ధమగును. వానిని కోతలకు ముందు విప్పి చూడక నడపుట ప్రమాదకరము. వాలులో గేరు తీసి న్యూట్రలులో వదలుట డీజిలు ఆదాయని భ్రమపడు డ్రైవర్లు గలరు. ఇంజను పట్టును పోగొట్టుకొని, బ్రేకునొక్కదానినే నమ్ముకొని దిగుట యది. ఎక్కిన గేరులోనే దిగవలెనను పాత నియమము నేటికిని సత్యమే.

బ్రేకులకు ఖర్చగునన్నది నిజము. పంటకు ధర పలుకని యేట ట్రాక్టరు వాయిదాయే కట్టలేని రైతునకు ఇది భారమే. దీనిని మేము తేలికగా త్రోసిపుచ్చుట లేదు. కాని యీ ఖర్చును తప్పించుకొన్నందువలన వచ్చు నష్టము నెవరు భరించుచున్నారో ఆలోచింపవలెను. బ్రేకు పెట్టవలెనా వద్దాయని నిర్ణయించువాడు యజమాని. బ్రేకులేని ట్రక్కును నడపువాడు జీతగాడు. తెల్లవారుజామున దానిలో నెక్కి నాట్లకు బోవునది కూలితల్లి. దాని యెదుట పడువాడు బడికి బోవు బాలుడో, మోటారు సైకిలు మీద నింటికి మరలు చిరుద్యోగియో. మిగులు ఒకరిది, అపాయము మరొకరిది. తన గిత్త పొరుగువానిని పొడిచినచో సిగ్గుపడు మన గ్రామమర్యాద, తన ట్రక్కు పొరుగువానిని త్రొక్కినచో విధివ్రాత యనుట యేల? యజమాని ధర్మము ట్రాక్టరు తాళముతో డ్రైవరు చేతికి పోవునది కాదు.

ఈ కార్యము నొక్క రైతుమీదనే మోపుట గూడ న్యాయము కాదు. ట్రక్కులు కట్టు షెడ్ల యజమానులు బ్రేకులేని ట్రక్కును గేటు దాటింపమని తమలో తామొక కట్టుబాటు చేసికొనవలెను. ట్రాక్టరునకు అప్పిచ్చు బ్యాంకులు, సహకార సంఘములు ట్రక్కు బ్రేకు వెలను గూడ అప్పులో చేర్చి, అమర్చిన తర్వాతనే తుది మొత్తము నీయవలెను. ధాన్యము కొను మిల్లుదారుల చేతిలో గొప్ప బలమున్నది. బ్రేకులేని ట్రక్కు మా కాటాయెక్కరాదని తెనాలి మిల్లుదారులు ఒక్క కోతకాలము నిలిచినచో, ఏండ్లకొలది శాసనములు చేయని పని జరుగును. రవాణా శాఖవారు రిజిస్ట్రేషను కాగితముతో తృప్తిపడక, కోతలకు ముందు మండలమునకొక దినమేర్పరచి నిండుబరువుతో ట్రక్కులను పరీక్షింపవలెను. బాపట్లలో వ్యవసాయ కళాశాలయు, వ్యవసాయ ఇంజనీరింగు కళాశాలయు నుండుట మన భాగ్యము. అచటి అధ్యాపకులును విద్యార్థులును రైతు సేవా కేంద్రముల మూలమున గ్రామములకు వచ్చి, మన షెడ్లలో చౌకగా అమర్చదగిన బ్రేకు నమూనాను చూపి, షెడ్డు పనివారికి నేర్పినచో అంతకంటె ప్రత్యక్షమైన సేవ యుండబోదు. జుల్మానాలతో మొదలుపెట్టిన రైతు ముఖము చాటువేయును; పరీక్షతోను సాయముతోను మొదలుపెట్టి, వినని వారిమీదనే దండమును ప్రయోగించుట ధర్మము.

మనుష్యులను ట్రక్కులలో నెక్కించుట మానవలెనని చెప్పుట సులభము. పల్లెకు బస్సు లేనంతకాలము, ఆటో బాడుగ కూలిలో సగము తిను నంతకాలము, అది పూర్తిగ నాగదని మేమెరుగుదుము. దానిని మాన్పించు ప్రయత్నము సాగవలసినదే. ఆలోగా బస్తాలకైన నేమి, మనుష్యులకైన నేమి, నడచు ప్రతి ట్రక్కునకును ఆగు శక్తి యుండవలెను. ఇది దాన ధర్మముల సంగతి కాదు, బండి లక్షణము.

సార్వా కోతలకు ముందు ప్రతి రైతును కొడవళ్లకు పదును పెట్టించును, కోతయంత్రమునకు బాడుగ మాటాడుకొనును, గోనె సంచులను లెక్కపెట్టుకొనును. ఆ జాబితాలో మరియొక మాటను చేర్పుడని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల రైతు సోదరులను మేము కోరుచున్నాము. ట్రక్కును నిండుబరువుతో నొక్కసారి నడిపి, పెడలు త్రొక్కి, ఎక్కడ నిలిచినదో కొలిచి చూడుడు. అది పది మీటర్లయినచో నిశ్చింతగా పంటను తరలింపుడు. ఇరువదియైనచో, ఆ మిగిలిన పది మీటర్లలో నిలిచియుండునది ఎవరి బిడ్డయో యను ప్రశ్నకు సమాధానము చెప్పుకొని, తర్వాతనే ట్రక్కును ఇల్లు కదలింపుడు.